పోతన యింటి భోజనము

తెలుగు మాటాడు సీమలలో పోతన పేరు వినని యిల్లు లేదు. గజేంద్రుని మొఱయు, ప్రహ్లాదుని ధైర్యమును, రుక్మిణి సందేశమును, వామనుని మూడడుగులును మన తల్లులకు తరతరములుగా కంఠస్థములై వచ్చినవి. బడి మొగ మెఱుగని వారు సైతము ఆ పద్యములను పాడుకొనుచు పొలముపనులు చేసికొనిరి. ఆతని భక్తిని గూర్చియు, పదలాలిత్యమును గూర్చియు, అంత్యప్రాసల సొగసును గూర్చియు పండితులు వ్రాసిన గ్రంథములు పెక్కులు గలవు. వానికి మఱియొకటి చేర్చు నుద్దేశము మాకు లేదు. మేము నేడు విచారింప బూనిన విషయము మిక్కిలి చిన్నది. ఆ మహాకవి యింట నేమి వండుకొనిరి? ఆ పదార్థము లెచ్చటనుండి వచ్చినవి? ఆ భోజనమునకును ఆతని గంటమునకును గల సంబంధ మెట్టిది? ఇంతమాత్రమే.

ఈ ప్రశ్న కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. మహాకవి వంటయింటిలోనికి తొంగిచూచుట మర్యాద గాదని మఱికొంద ఱనవచ్చును. కాని పోతన జీవితమున ప్రజల నోట నేటికిని నిలిచియున్న ముఖ్యఘట్ట మెయ్యది? రాజు కృతి నడుగుటయు, కవి కాదనుటయు గదా. కాదనిన మఱునాడు ఆతని బిడ్డలకు కూడెట్లు దొరకెను? ఈ మాటకు సమాధానము చెప్పకయే మనమా కథను చెప్పుకొనుచున్నాము. రాజును కాదనుటకు భక్తి యొక్కటియే చాలునని తలచుట మన యలవాటు. భక్తి యుండియు గాదెలో గింజలు లేనందున రాజద్వారము నాశ్రయించిన వారు లోకమున లెక్కకు మిక్కిలి. పోతన నిరాకరణమునకు వెనుక నొక నాగలియు, నొక పెరడును, నొక వంటయిల్లును గలవు. వానిని మఱచినచో కథలో సగము మఱచినట్లే.

నిడమనూరు, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతముల పాఠకులకు ఈ కథ పరాయిది గాదు. పోతనను కృతి వేడెనని చెప్పబడు సర్వజ్ఞ సింగభూపాలుడు రాచకొండ దుర్గము నేలిన రేచెర్ల పద్మనాయక వంశజుడు. ఆ రాచకొండయు, ఆ వంశపు మఱియొక శాఖ యేలిన దేవరకొండయు పూర్వపు నల్లగొండ జిల్లాలోనివే. కవి వరంగల్లు సీమవాడు, ప్రభువు నల్లగొండ సీమవాడు. ఈ రెండు సీమలును జొన్న పండు మెట్టనేలలు. వానకై మొగమెత్తి చూచు నేలలు. ఆ నేలల సంగతి తెలిసినవారికే పోతన చేసిన పని యొక్క కష్టము బోధపడును.

పోతన 15వ శతాబ్దివాడు. జన్మసంవత్సరమును గూర్చి పండితులలో నేకాభిప్రాయము లేదు. తండ్రి కేసన, తల్లి లక్కమ, అన్న తిప్పన. కౌండిన్యసగోత్రుడు, ఆపస్తంబసూత్రుడు. భాగవత స్కంధాంత గద్యములలో తండ్రిని మంత్రి యనియు, తన్ను అమాత్యుడనియు, సహజపాండిత్యము గలవాడననియు చెప్పుకొనెను. మంత్రి, అమాత్య శబ్దము లా కాలమున నియోగి కుటుంబములకు గౌరవనామములుగా చెల్లినవి. ఆతడే సంస్థానమునందును మంత్రిత్వము నెఱపినట్లు కానరాదు. అవతారికలో పేర్కొన్న ఏకశిలానగరము ఓరుగల్లే యని కొందఱును, కడప జిల్లాలోని ఒంటిమిట్ట యని కొందఱును 20వ శతాబ్దిలో తీవ్రముగా వాదించిరి. ఇంటిపేరుగా నిలిచిన బమ్మెర గ్రామము మాత్రము నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలమున నున్నది. పోతన దున్నిన పొలమనియు, ఆతని సమాధి యనియు గ్రామస్థులు చూపు స్థలములు నచ్చట గలవు. సామాన్యముగా కవుల పేర జనులు చూపునది సింహాసనమునకు చేరువనున్న మండపమునో, దేవాలయ స్తంభమునో. పోతన పేర చూపునది పొలము. ఈ విశేషమును పాఠకులు గమనింతురు గాక.

ఆతడు జీవించిన కాలము నెమ్మదియైనది గాదు. 1323లో కాకతీయ రాజ్య మంతరించెను. 1347లో బహమనీ రాజ్యము పుట్టెను. రాచకొండ పద్మనాయకులకును కొండవీటి రెడ్లకును వైరము. వారిరువురకును బహమనీ సుల్తానులతోడను, విజయనగరముతోడను ఒకనాడు పోరు, ఒకనాడు పొత్తు. 1425 ప్రాంతమున బహమనీ సుల్తాను అహమ్మద్ షా ఓరుగల్లును లోబఱచుకొనెను. ఇట్టి కాలమున రాజాశ్రయ మెంతటి చంచలమైన ఆధారమో చెప్పనక్కఱలేదు. కోట పడినచో ఆస్థానము పడును. ఆస్థానము పడినచో కవి వీథిని బడును. నేలను నమ్ముకొన్నవానికిని బాధలు గలవు, కాని తొలకరి కురిసిన మఱునాడు ఆతని నాగలి మరల సాగును.

పోతన మొదటినుండియు ఆస్థానముల గాలి సోకనివాడని యనుకొనరాదు. ఆతని పేర ప్రచారమున నున్న భోగినీదండకము సింగభూపాలునిపై నొక వేశ్యాకన్య వలపును వర్ణించినది. వీరభద్రవిజయము శైవప్రబంధము. కావున రాజప్రశంస యెట్లుండునో, దానికి లభించు సత్కార మెట్టిదో యెఱిగియే ఆతడు దానిని వీడెనని మేము తలచుచున్నాము. ఎఱుగక విడుచుటకును, ఎఱిగి విడుచుటకును భేదము గలదు. చంద్రగ్రహణసమయమున గంగాతీరమున ధ్యానములో నుండగా శ్రీరాముడు సాక్షాత్కరించి భాగవతమును తెలుగుసేయుమని యాజ్ఞాపించినట్లు అవతారికయందు చెప్పుకొనెను. ఆ మహాగ్రంథమునందు 5వ స్కంధము గంగనయు, 6వ స్కంధము సింగనయు, 11, 12 స్కంధములు నారయయు రచించినవి. తక్కినది పోతన కృతి. రాజు కోపించి గ్రంథమును భూమిలో పాతించెననియు, శిథిలమైన భాగములను వీరు పూరించిరనియు జనశ్రుతి.

కృతి విషయమున పోతన యభిప్రాయ మవతారికలో స్పష్టముగనే యున్నది. అల్పులైన రాజులకు కావ్యము నంకితమిచ్చి ఊళ్ళును, వాహనములును, సొమ్ములును గ్రహించి, పిదప యమునిచేత శిక్ష ననుభవించుట కంటె శ్రీహరికి సమర్పించుటయే మేలని తన నిశ్చయమును తెలిపెను. దీనికి తోడుగా ఆతని పేర నొక చాటువు గలదు. కావ్యకన్యను దుర్జనుల కమ్మి, ఆ పడుపుసొమ్ముతో భుజించుట కంటె, మంచి కవులు నాగలి దున్నినను, అడవులలో కందమూలములు త్రవ్వుకొనినను తప్పులేదని దాని భావము. అందు పండితులు సామాన్యముగా దాటిపోవు మాట యొకటి గలదు. దున్నుట దేనికొఱకు? తన భార్య కడుపును, బిడ్డల కడుపును నింపుటకొఱకని ఆ చాటువు చెప్పుచున్నది. ఈ మాటలో సన్న్యాసము లేదు. ఇల్లాలిని, సంతానమును వెంటబెట్టుకొని, వారి యాకలికి తానే పూచీపడి, అటుపిమ్మట రాజును కాదనిన గృహస్థుని మాట యిది. ఒంటరివాని త్యాగము కంటె సంసారి త్యాగము కష్టతరము.

ఇచ్చట శ్రీనాథుని తలపక తప్పదు. ఆతడు పోతనకు బావమఱది యని కథ గలదు. చరిత్రకు నిలుచునది గాకపోయినను, ప్రజలు వీరిరువురను ఒక్క యింటివారుగా జేసి ప్రక్కప్రక్కన నిలుపుటలో నర్థము గలదు. శ్రీనాథుని పల్లకి ముందు బోయీలు తొలగినను సాగెననియు, పోతన కుమారుడు మల్లన యెద్దును విప్పినను నాగలి సాగెననియు జనులు చెప్పుకొందురు. పల్లకి యొకవైపు, నాగలి యొకవైపు. శ్రీనాథుడు కొండవీటిలో విద్యాధికారి. విజయనగరమున ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును జయించి కనకాభిషేక మందినవాడు. అట్టివాడు పల్నాటి సీమకు పోయి జొన్నకూటిని జూచి విసుగుకొనినట్లు చాటువులు గలవు. పల్నాడు నల్లగొండ జిల్లా కెదురుగా కృష్ణకు దక్షిణపు గట్టున నున్నది. ఆవలి గట్టున ఆతడు పరిహసించిన జొన్నకూడే యీవలి గట్టున మన పూర్వుల నిత్యాహారము.

ఆ శ్రీనాథుడు వార్ధక్యమున ఆశ్రయించిన ప్రభువులందఱును గతింపగా, బొడ్డుపల్లెలో పొలము గుత్తకు గొని సేద్యము చేసెననియు, పైరు కృష్ణ వఱదలో గొట్టుకొనిపోగా, మిగిలిన నువ్వులును పెసలును పక్షులు తినిపోగా, 700 టంకముల శిస్తు చెల్లింపలేక శిక్ష ననుభవించెననియు ఆతని పేరనే యున్న చాటువు చెప్పుచున్నది. మే మా మహాకవిని తక్కువచేయుట లేదు. ఆతని బాధను తలచినచో గుండె కరగును. ఇరువురును దున్నిరి. ఒకడు యౌవనమునుండియే నేలతోడి చెలిమి పెంచుకొనెను. ఒకడు వేఱొండు గతి లేనప్పుడు పరుల నేలను గుత్తకు పట్టెను. సేద్యము కడపటి దిక్కుగా చేపట్టినవానిని రక్షింపలేదు. నిత్యజీవనముగా చేకొన్నవానిని రక్షించెను.

ఇక ఆ కాలపు మెట్టసీమ రైతు యింటిలోనికి పోదము. చేలో జొన్న, సజ్జ, కొఱ్ఱ. జొన్నసాళ్ళ నడుమ కంది. ప్రక్కన పెసర, మినుము, ఉలవ, అనుము, నువ్వు. ఈ కలిపి విత్తుటలో మన పూర్వుల వివేకము గలదు. కంది, పెసర మున్నగువాని వేళ్ళపై నుండు బొడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. జొన్నయందు కొఱవడిన మాంసకృత్తుల భాగమును పప్పు పూరించునని వైద్యులు చెప్పుచున్నారు. చేలో ప్రక్కప్రక్కన పెరిగిన రెండును పళ్ళెములోను ప్రక్కప్రక్కన చేరుట యెంత చక్కని యేర్పాటు! ఒక పైరు వానకు చెడినను మఱియొకటి నిలుచును. సంకటియో, గట్కయో, రొట్టెయో, అంబలియో; దానితో పప్పు, పులుసు, మజ్జిగ.

పెరటిలో పందిరిపై ఆనప, బీర, పొట్ల, కాకర, చిక్కుడు. కప్పుపై బూడిదగుమ్మడి. మళ్ళలో వంగ, తోటకూర, బచ్చలి. నీరు జాఱుచోట కంద, చేమ, అరటి. మూలనొక మునగ, వాకిటనొక కరివేపాకు. చేనిగట్టున చింత. నేటి పాఠకులకు వింతగా తోపగల విషయ మొకటి చెప్పెదము. పోతన యింటిలో మిరపకాయ లేదు. టమాటా లేదు, బంగాళాదుంప లేదు, వేరుసెనగ లేదు. ఇవన్నియు అమెరికా ఖండపు సంతతి. 1498లో వాస్కో డ గామా కేరళతీరమును చేరిన పిదప పోర్చుగీసువారి యోడలవెంట మన దేశమునకు దిగినవి. పోతన నాటి కారము మిరియముది, అల్లముది, ఆవాలది. పులుపు చింతది, మామిడిది, నిమ్మది. తాలింపు నువ్వులనూనెది. నేడు ఎఱ్ఱగా కనబడని పచ్చడిని పచ్చడిగా నెంచని మనము, ఆ యెఱుపు తెలియని పచ్చళ్ళతోనే తెలుగుజాతి పెక్కు శతాబ్దములు రుచిగా భుజించినదని యెఱుగుట మంచిది.

స్వయంపోషకత్వమునకు హద్దులును గలవు. ఉప్పు సముద్రతీరమునుండి రావలయును. మిరియము మలయాళ దేశమునుండి రావలయును. కఱ్ఱుకు ఇనుము కమ్మరి కొలిమినుండియు, కుండ కుమ్మరి సారెనుండియు రావలయును. ఏ యిల్లును ఒంటరి ద్వీపము గాదు. కాని కొనవలసినది చిటికెడు, పండినది గంపెడు అయినపుడు ఇంటి యజమానుని మెడ వంగనక్కఱలేదు. కొనవలసినది గంపెడై పండినది చిటికెడైనప్పుడు వంగక తీఱదు. స్వాతంత్ర్యమునకు ఇంటింట నున్న త్రాసు ఇదియే.

ఈ త్రాసును నిలిపినవారెవ్వరు? పోతన భార్యను గూర్చి మన సాహిత్యచరిత్రలు మిక్కిలి పొదుపుగా మాటాడును. కాని పంట యింటికి వచ్చినంతమాత్రమున భోజనము కాజాలదు. జొన్న దంచవలెను, విసరవలెను. కందులు వేయించి, విసరి, చెఱిగి పప్పు చేయవలెను. మాఘమున మిగిలిన కాకర, వంగ, చిక్కుడు కోసి యెండబెట్టి వరుగులు చేసినగాని, చైత్రవైశాఖములలో బావి యడుగంటినప్పుడు కూర యుండదు. బూడిదగుమ్మడితో వడియములు పెట్టవలెను. మామిడి, ఉసిరి యూరవేయవలెను. విత్తనమునకు ముదిరిన కాయను విడిచి, బూడిదలో కలిపి దాచవలెను. ఈ పనులలో నేదైన తప్పినచో మహాకవి గంటము ప్రక్కన బెట్టి అప్పునకు పోవలసినదే. రాజును కాదనిన గౌరవములో సగపాలు ఆ యిల్లాలిదని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము. ఆమె కాదనుట పద్యమున కెక్కలేదు. వరుగుల కుండలో నుండెను.

కవి యేమి తినెనో కావ్యమున కొంత తెలియును. దశమస్కంధమున గోపబాలురు వనమున చల్దులు గుడుచు ఘట్టమును పాఠకు లెఱుగుదురు. సంస్కృతమూలమున కృష్ణుని వ్రేళ్ళసందున నున్నవి ఫలములు. పోతన చేతిలో నవి యూరగాయలైనవి. పెరుగుమీగడతో కలిపిన చల్దిముద్ద యెడమచేతిలో చేరినది. వ్యాఖ్యాతలనుండి యీ యర్థము నాతడు గ్రహించియుండవచ్చును. కాని యొకడు మఱియొకనికి చూపి యూరించుచు తినుట, ఒకని ముద్ద నొకడు లాగుకొనుట మున్నగు ముచ్చటలలోని జీవము మాత్రము పుస్తకమునుండి వచ్చినది గాదు. పొలమునకు చల్దిమూట మోసికొనిపోయినవాడు, చెట్టునీడను విప్పి తినినవాడు వ్రాసినది. కుచేలుని కొంగులోని అటుకులను ద్వారకాధీశుడు ప్రీతితో నారగించుటయు, 48 దినములు పస్తులున్న రంతిదేవుడు దొరకిన యన్నమును ఒక్కొక్క యతిథికి పంచి, కడపటి నీటిని సైతము దప్పిగొన్న చండాలునికి పోయుటయు ఆ గ్రంథమునందే గలవు. ద్వితీయస్కంధమున నేలయే పఱుపుగా, దోసిలియే పాత్రగా నుండగా ధనమదాంధుల కొలువేల యని శుకుడు ప్రశ్నించు ఘట్టమును ఆతడు తెలుగుచేసిన తీరున నాతని స్వానుభవము వినబడును.

ఇచ్చట మాకొక యాక్షేపము వినబడుచున్నది. ఉన్నదానితో తృప్తిపడుమని పేదలకు బోధించుటకు ఈ కథ మంచి సాధనము గదా యని కొంద ఱనవచ్చును. నిజమే, కలవారు పోతన పేర లేనివారికి నీతులు చెప్పుట మనము చూచినదే. దానిని మేము ఖండించుచున్నాము. పోతన దున్నుటకు నేల యుండెను. నేలలేనివానికి తృప్తిని బోధించుట నీటిలేనివానికి స్నానమును బోధించుట వంటిది. అంతేగాక, పండించినది తన యింటికి చేర్చుకొను హక్కు గూడ నుండవలెను. ఈ హక్కు కొఱవడినపుడు ఏమగునో ఆ బమ్మెర పొలిమేరలే 500 ఏండ్ల పిదప జూచినవి.

నిజాము పాలనలో తెలంగాణమున వెట్టి యను పేర జరిగిన దోపిడిని మన పెద్దలు మఱువలేదు. దొర గడీకిని, అధికారుల మకాములకును ఊరివారు ఊరక పని చేయవలెను; పాలు, నెయ్యి, కూరగాయలు, కోళ్ళు ఊరక యీయవలెను. పెరటి బీరకాయ సైతము తనది గాదు. పోతన బమ్మెర యే పాలకుర్తి మండలమున నున్నదో, ఆ పాలకుర్తియే చాకలి ఐలమ్మ యూరు. 1940ల దశకమున ఆమె కౌలుకు పట్టి సాగుచేసిన పంటను విసునూరు దేశముఖు కాజేయ యత్నింపగా, సంఘము వారి తోడ్పాటుతో ఆమె ఆ గింజలను తన యింటికే చేర్చుకొనెను. 1946 జూలై 4న ఆ ప్రాంతపు కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు బలియయ్యెను. పిదప ఆ మంట నల్లగొండ, వరంగల్లు జిల్లాల నలుముకొనెను. ఐలమ్మ 1985లో కన్నుమూసెను. ఆమె పద్యములు వ్రాయలేదు. కాని తన కష్టఫలమును ప్రభువు పాదములయొద్ద నుంచనని చెప్పుటలో పోతన మాటకును, ఐలమ్మ మాటకును భేదము మాకు గనబడుట లేదు. ఒకడు కావ్యమును గూర్చి చెప్పెను. ఒకతె వడ్లను గూర్చి చెప్పెను. ఇరువురి మాటయు ఆ మెట్టమట్టిలో మొలచినదే.

నేడు వెట్టి లేదు, దేశముఖులు లేరు. నిడమనూరు ప్రాంతమునకు నీరును వచ్చినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. ఎడమకాలువ క్రింద జొన్న, ఆముదము పండిన మెట్టచేలు వరిమాగాణులైనవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుమోసెను. వానకై మొగమెత్తి చూచిన నేలకు నీరు దక్కుట గొప్ప భాగ్యము. దానిని తక్కువగా జూచువాడు కృతఘ్నుడు. కాని ఆ భాగ్యముతో నొక మఱపును వచ్చినది. మడి యంతయు వరియైనది. కంది, పెసర గట్టు దిగిపోయినవి. పెరడు సిమెంటు వాకిలియైనది. బండ్లకొలది వడ్లను తోలు రైతు వంకాయకును, టమాటాకును, గుప్పెడు కొత్తిమీరకును సంతకు పోవుచున్నాడు. అన్నము పండించువాడు కూర కొనుచున్నాడు. ధర పెరిగిననాడు ఆ యింట కూర తగ్గును. తగ్గినది మొట్టమొదట ఇల్లాలి విస్తరిలో.

ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రతి మనుజుడును దినమునకు కనీసము 400 గ్రాముల పండ్లును కూరగాయలును తినవలెనని చెప్పుచున్నది. అయిదుగురు పెద్దలున్న యింట అది దినమునకు 2 కిలోలు. ఇంతయు కొని తినగల కుటుంబము లెన్ని? దీనికై మేము కొత్త మార్గమును కనిపెట్టనక్కఱలేదు. పొలముగట్టున కందిసాలు, వాకిట మునగ, పందిరిపై ఆనపయు చిక్కుడును, స్నానపు నీరు పాఱుచోట అరటియు చేమయు, తొట్టిలోనైన తోటకూర. ఒక్క మునగచెట్టు ఆకును, పువ్వును, కాయను నిచ్చును. ఎండకాలమునకు వరుగులు. ముదిరిన కాయనుండి విత్తనము. పురుషులును ఈ పనిలో పాలు పంచుకొనవలెను. పూర్వమువలె ఇల్లాలి నడుముపై నంతయు మోపరాదు. ఇంటికి గజము నేల లేనివారికి ఊరి ఖాళీస్థలమున కూరమడులు చూపుట పంచాయతీల ధర్మమని మేము భావించుచున్నాము.

సంతకు పోవద్దని మేమనుట లేదు. పోతన కాలమునందును సంత యుండెను. చేతిలో సంచితో నిశ్చింతగా పోవువానికిని, తప్పక పోవువానికిని గల భేదమునే యెత్తిచూపుచున్నాము. పోతన పేర విగ్రహములు నిలుపుచున్నాము, సభలు చేయుచున్నాము, ఆతని పద్యములను బిడ్డలకు నేర్పుచున్నాము. ఇవి యన్నియు జరుగవలసినవే. వీనితోబాటు ఈ తొలకరికి నిడమనూరు మొదలుకొని బమ్మెర వఱకు గల ప్రతి యింటివారును పెరటిలో నాలుగు విత్తనములు నాటుదురు గాక. బడిపిల్లలకు గజేంద్రమోక్షము నేర్పు ఉపాధ్యాయులు బడియావరణమున నొక ఆనపపాదును గూడ పెట్టింతురు గాక. ఆ పాదు కాచిన నాడు, రాజును కాదనిన కవి ఏ బలముతో కాదనెనో ఆ పిల్లలకు వేఱుగా వివరింప నక్కఱలేదు.